గడ్డ తొలగిన పిమ్మట

పీయూషగ్రంథి బఠానీగింజంత యుండును. ముక్కుకు వెనుక, పుర్రె అడుగున, గుఱ్ఱపు జీనువంటి ఎముకగుంటలో ఇమిడియుండును. ఆ చెంత పెరిగిన గడ్డను శస్త్రచికిత్సచే తీసివేసినంతనే రోగము పోయినదని ఇంటివారు తలంతురు. గడ్డ పోయినమాట నిజమే. దానితో గ్రంథి చేయుచుండిన పనియు పోవచ్చును.

కొలది దినములకే రోగి బిందెలకొలది నీరడుగుట, అంతకంతయు మూత్రము విడుచుట కలదు. చూచినవారు మధుమేహమందురు. చక్కెరకు దీనితో సంబంధము లేదు. శరీరమున నీటిని నిలుపు హార్మోను కొఱవడినది. డెస్మోప్రెసిన్ అను మందు దీనిని సరిచేయును. అది మితిమీరినచో రక్తములో సోడియము తగ్గి మూర్ఛలు రావచ్చును.

అంతకంటె మేము భయపడునది కార్టిసాల్ లోపమునకు. నీరసము, వాంతులు, కళ్ళు తిరుగుట దాని గుర్తులు. ఈ లోపము గలవారు ప్రతిదినము హైడ్రోకార్టిసోన్ వంటి మాత్ర వేసికొనవలెను. ఏకాదశి ఉపవాసమని మానుట ప్రాణాపాయము. జ్వరము వచ్చిననాడు, వైద్యుడు ముందుగా చెప్పియుంచినట్లు, మోతాదు పెంచవలెను, సామాన్యముగా రెట్టింపు. వాంతులై మాత్ర కడుపులో నిలువకున్న, తెల్లవారువరకు ఆగక సూదిమందు వేయించవలెను. మందు పేరు వ్రాసిన చీటి రోగి జేబులో నుండుట మేలు. స్పృహ తప్పినవాడు తన సంగతి చెప్పలేడుగదా!

కిరణచికిత్స పొందినవారికి ఈ లోపములు ఏండ్లు గడచిన పిదప బయటపడవచ్చును. అట్టి పిల్లవాని యెత్తును తల్లి గోడపై గీతగీచి చూచుచుండవలెను. ఆరు మాసములైనను గీత కదలకున్న, వైద్యునకు చూపవలెను.