మోకాళ్ల మీది బరువు



మేము ఉర్దూ మీడియం పంతుళ్లం, వైద్యులం కాము. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. మసీదులో వెనుక వరుసన కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. కూర్చునేవారంతా ముసలివాళ్లా? చాలామంది మన ఈడువాళ్లే! బరువెక్కువై మోకాళ్లు అరిగినవారిని పరీక్షించి 2005లో తేల్చిన లెక్క వినండి: ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిమీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందట. 5 కిలోలు తగ్గితే 20 అన్నమాట!

తూకమొక్కటే చాలదు, టేపు పెట్టి నడుము కొలవండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవాలి. వయసుతో కండ కరుగుతుంది గనుక దానికీ పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం ఆరంభానికి చాలు. షుగరు మాత్రలు వేసుకునేవారు మాత్రం తిండి తగ్గించేముందు డాక్టరును అడగండి.

దావతుల్లో డబల్ కా మీఠా మానమంటే ఎవరూ వినరు, మేమూ వినం. రెండోసారి వడ్డించకండి, అంతే.

మగవాళ్లు బజారులోనైనా నడుస్తారు. ఆడవాళ్లకు డాబా తప్ప చోటేదీ? సంఘం హాలు రోజూ సాయంత్రం ఒక గంట వారికి విడిచిపెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము.