టీకా వేయించాకే మందను చేలోకి తోలదాం
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగం)



ధాన్యం ధర గురించి, కాలువ నీళ్ల గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను బాతుల గురించి మాట్లాడతాను. నవ్వకండి. మన గోదావరి, కృష్ణా డెల్టాలో సార్వా కోతలు కాగానే చేలల్లో దిగే మందలు ఎన్ని ఇళ్లకు కూడు పెడుతున్నాయో మీకు తెలుసు. రాలిన గింజ, నత్త, పురుగు ఏరుకు తిని గుడ్డు పెట్టే జీవం అది. కానీ జబ్బు తగిలిందా, రోజుల్లోనే మంద ఊడ్చుకుపోతుంది.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల కిందట నాకు ఆరువందల బాతులుండేవి. ఊరి మీదుగా పోతున్న మందలో చవగ్గా వస్తున్నాయని ఎనభై కొని, అదే పూట కలిపేశాను. ఐదో రోజుకు మేత మానేశాయి. వెలుతురు చూడలేక కళ్లు మూసుకున్నాయి, పచ్చగా పారుకున్నాయి, రెక్కలు వాల్చి కూలబడ్డాయి. ఎండదెబ్బ అనుకున్నాను. పది రోజులకు నూట యాభై మిగిలాయి. అప్పు మాత్రం మొత్తం మిగిలింది.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. చచ్చినవాటిని రాత్రిపూట కాలువలో పారేశాను. తర్వాత వారంలో దిగువ ఊళ్లో ఒక కాపరి మంద పోయింది. నా వల్లేనని రుజువు లేదు. కానీ ఈ జబ్బు నీళ్ల ద్వారా పాకుతుందని డాక్టరు గారు చెప్పిన రోజు నుంచి ఆయన మొహం చూడలేకపోతున్నాను.

అది బాతుల ప్లేగు. మనుషుల ప్లేగుతో దీనికి సంబంధం లేదు. హెర్పిస్ జాతి వైరస్ వల్ల వస్తుంది. 1923లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు. మన దేశంలో 1960లలో బెంగాల్‌లో బయటపడింది. వచ్చాక నయం చేసే మందు లేదు. కోలుకున్న బాతు నిగనిగలాడుతూనే చాలాకాలం వైరస్‌ను వదులుతుంది.

దీనికి టీకా ఉంది, మన దేశంలోనే తయారవుతోంది. రెండు మూడు నెలల వయసులో చర్మం కింద వేస్తారు, ఏటా మళ్లీ వేయించాలి. ఐస్ పెట్టెలో తేవాలి, ఎండ తగలనివ్వకూడదు, కలిపిన సీసాను వెంటనే వాడెయ్యాలి. ఒక్క సీసా పెద్ద మందకు సరిపోతుంది. ఇరవై బాతులున్న ఆడకూతురు ఒక్కతే సీసా కొంటే గిట్టదు. ఊరంతా ఒకే రోజు వేయిస్తే అందరికీ గిట్టుతుంది.

ఈ టీకా బాతుల కలరాకు పనిచేయదు, దానికి వేరే టీకా. బర్డ్ ఫ్లూకూ పనిచేయదు. ఫ్రాన్స్ 2023 నుంచి బాతులకు బర్డ్ ఫ్లూ టీకా వేయిస్తోంది. మన దగ్గర మాత్రం ఆ జబ్బు తేలితే పక్షులను చంపి పూడ్చడమే పద్ధతి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో చూశాం కదా. అందుకని బాతులు గుంపుగా చస్తే చేత్తో ముట్టకండి, దాచకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి. పరిహారం అధికారులు చంపించిన పక్షులకే వస్తుంది, ముందే చచ్చినవాటికి కాదు. దాస్తే నష్టం మనకే.

ఇక మన పని. కోతలకు రెండు నెలల ముందే ఊరూరా బాతుల లెక్క రాసి, ఆసుపత్రిలో అర్జీ ఇద్దాం. టీకా, ఐస్ పెట్టె కోతలకు ముందే మండలానికి రావాలని పశుసంవర్ధక శాఖను అడుగుదాం. కొన్న బాతులను మూడు వారాలు విడిగా ఉంచుదాం. చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పూడుద్దాం. పొరుగు జిల్లాల నుంచి వచ్చే కాపరులను తరిమెయ్యొద్దు, వాళ్లూ కష్టజీవులే. టీకా వేయించారా అని అడుగుదాం, లేకుంటే మనతోపాటే వేయిద్దాం.

వచ్చే వారం దిగువ ఊరి లెక్క రాయడానికి నేనే వెళతాను. ముందు ఆ కాపరి గుమ్మమే ఎక్కుతాను.