గోడల వెలుపలి చదువు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఛాందోగ్యోపనిషత్తునందు సత్యకామ జాబాలుని కథ కలదు. గురువగు గౌతముడు అతనిని శిష్యునిగ గైకొని, బక్కచిక్కిన నాలుగు వందల గోవులను అప్పగించెను. అవి వేయి అగువరకు మరలి రానని సత్యకాముడు అడవికి వెడలెను. అచ్చట అతనికి పాఠము చెప్పినవారు పండితులు కారు. ఒక వృషభము, అగ్ని, ఒక హంస, ఒక నీటికాకి అతనికి తలకొక పాదము చొప్పున బోధించినవి. ఏండ్లు గడచి అతడు ఆశ్రమము చేరగా, గురువు అతని ముఖమునందలి తేజస్సును జూచి, బోధించినదెవరని అడిగెను. శిష్యుడు దాచలేదు. మనుష్యులు కానివారు తనకు బోధించిరని చెప్పి, అయినను ఆ విద్యను గురుముఖమున వినగోరెను. గౌతముడు ఆ విద్యనే, ఏమియు విడువక, మరల ఉపదేశించెను.

అడవిలో నేర్చినదియు విద్యయే. అయినను అది తెలిసినవారి సన్నిధిని నిలిచిన పిమ్మటనే స్థిరపడును. ఈ రెండు మాటలును నేటి విద్యార్థులకు మిక్కిలి అవసరములు.

పల్లెలనుండి సికింద్రాబాదునకు పై చదువులకై పోయిన బాలబాలికలకు నేడు ఇట్టి అవకాశము లభించుచున్నది. సేవా శిబిరములలోను, పొలములలోను, కర్మాగారములలోను నేర్చినదానిని కళాశాల సదస్సున నివేదింపగోరువారు దరఖాస్తు పంపవచ్చునను ప్రకటనలు వెలువడుచున్నవి. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకమున చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయవలెను. ఆ గంటలలో నేర్చినది కొంచెమా? అయినను పల్లె పిల్లలు దరఖాస్తు వ్రాయుటకు జంకుదురు. చెరువుగట్టున చూచినదానిని పండితుల యెదుట చెప్పిన నవ్వుదురేమో యని వారి బెరుకు. ఆ బెరుకు తీర్చు నిదర్శనము సికింద్రాబాదు చెంతనే కలదు.

1895లో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు 19వ మద్రాసు పదాతిదళపు వైద్యాధికారిగ సికింద్రాబాదు వచ్చెను. ఆచార్య పదవి లేదు. కళాశాల ప్రయోగశాల లేదు. బేగంపేటలోని చిన్న సైనిక వైద్యశాలయే అతని పాఠశాల. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు చలిజ్వర రోగుల రక్తమున సూక్ష్మజీవిని కనుగొనియుండెను. దానికి దోమతో సంబంధము కలదని లండనులోని పాట్రిక్ మాన్సన్ ఊహించెను. ఆ ఊహను పరీక్షించుటకు రాస్ పూనుకొనెను. చాలకాలము అతడు కోసి చూచిన దోమలు వేరు జాతులవి. వానిలో వెదకినది కానరాలేదు. ఉక్క ఎంతయున్నను, కోసిన ముక్కలు ఎగిరిపోవునని పంకా లాగనీయలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టెను; కన్ను ఆనించు అద్దము బీటవారెను.

1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరకెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని వానిచే కుట్టించుకొనెను. ఆగస్టు 20న అట్టి దోమ కడుపు గోడలో నల్లని రేణువులు గల వింత కణములు రాస్ కంటబడెను. మరునాడు మరియొక దోమలో అవి ఇంకను పెద్దవై యుండెను. పెరుగునది ప్రాణము గలది గదా!

అతడు దీనిని లోకమునకు నివేదించిన తీరు గమనింపదగినది. డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన వ్యాసపు శీర్షికయందే, ఆ కణములు రెండు దోమలలో కనబడినవని యున్నది. చలిజ్వర రహస్యము ఛేదింపబడెనని లేదు. చూచినది రెండు, చెప్పినది రెండు.

తరువాత రాస్ వేరొక చోటికి బదిలీయై, 1898లో కలకత్తా చేరి, మహమ్మద్ బక్ష్ అను సహాయకునితో కలసి పక్షుల చలిజ్వరమును పరిశీలించెను. దోమ లాలాజల గ్రంథులలో ఆ జీవిని కనుగొనెను. దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటవలన వ్యాధి సోకునని మాన్సన్ తలచియుండెను. కాటువలన సోకునని శిష్యుని పరిశీలన తేల్చెను. 1898 జులైలో ఎడింబరోలో జరిగిన బ్రిటిష్ వైద్య సంఘ సభకు రాస్ పోజాలలేదు. అతని ఫలితములను మాన్సనే సభకు విన్నవించెను. తన ఊహను సరిదిద్దిన శిష్యుని మాటను సభలో నిలిపిన గురువు ధన్యుడు. మనుష్యుల చలిజ్వరము విషయమున మిగిలిన నిరూపణను ఆ యేడే ఇటలీ శాస్త్రజ్ఞులు చేసిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఇక దరఖాస్తు సంగతి. అది గ్రామపు లెక్క వంటిది. చిట్టాకెక్కని పద్దు లేనట్టిదే. ఆధారము లేని పద్దు ఎక్కినను నిలువదు. ఎచ్చట, ఎన్నడు, ఎన్ని దినములు పనిచేసినదియు మొదట వ్రాయవలెను. ఐదు బావుల నీటిని పరీక్షించినవాడు ఐదు బావులనియే వ్రాయవలెను; మండలమంతయు అని వ్రాయరాదు. తప్పిపోయిన ప్రయత్నములను దాచరాదు; అవి వెనుక వచ్చువారికి దారి చూపును. తేలని ప్రశ్న యొకటి మిగిలిన, దానిని చివర నుంచవలెను. అలంకారములు వలదు. కోరిన పుటలకు మించక, గడువునకు ముందే పంపవలెను. సభకు తాను పోలేకున్నను తన కాగితము తన పక్షమున నిలువగలిగి యుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమగునది వేరొకటి కలదు. ఎడింబరో సభలో హుసేన్ ఖానునకు ఆసనము లేదు. అతడు పొందినవి కొన్ని అణాలు. రాస్ వ్రాసియుంచుటచేతనే అతని పేరైన మిగిలినది. నేటి విద్యార్థికి నేల గుణము చెప్పిన పాలేరు, గొఱ్ఱెల రోగము చెప్పిన కాపరి, కాన్పుల సంగతి చెప్పిన మంత్రసాని గురువులే. వారు సమ్మతించినచో వారి పేర్లు దరఖాస్తులో ఎక్కవలెను. సత్యకాముడు నీటికాకిని సైతము మరుగుపరుపలేదు. మనుష్యుని మరుగుపరచుట తగునా? పరుల పద్దును తన పేర జమకట్టుకొనుట లెక్కలలో నేరము; విద్యలోను నేరమే.

1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసినది. కళాశాల గడప తొక్కజాలనివారికిని చదువు అందవలెనన్నదే గ్రంథాలయముల ఆశయము. కావున ఈ గ్రామ విద్యార్థులు సదస్సులకు పంపు దరఖాస్తుల ప్రతిని, అంగీకృతమైనను కాకున్నను, ఈ గ్రంథాలయమున నుంచుట మేలు. బోధించిన పెద్దలు చదువజాలనివారైనచో, ఒక సాయంకాలము వారిని కూర్చుండబెట్టి చదివి వినిపింపవలెను. తప్పున్న వారే దిద్దుదురు. అదియే మొదటి సదస్సు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక! శుభమస్తు.