రెండు పసుపు మాత్రలు

(తాడిపత్రి పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. మా శ్రీమతి కీళ్లవాతానికి డాక్టరుగారు రెండు మాత్రలు రాశారు: మెథోట్రెక్సేట్ వారానికొకసారి, ఫోలిక్ ఆమ్లం మిగతా రోజుల్లో. రెండూ పసుపే, రెండూ చిన్నవే. నేను తారుమారు చేశాను. ఆరోనాటికి ఆమె నోరంతా పూసి సంగటి కూడా మింగలేకపోయింది. అనంతపురం తీసుకుపోతే రక్తకణాలు పడిపోయాయన్నారు. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. దేవుడి దయ, ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చునుంది.

ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే ముందు డి.ఎన్.ఏ.కు నకలు తయారు కావాలి. దానికి నాలుగు రకాల ఇటుకలు. అందులో థైమిన్ అనే ఇటుక చేయడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆకుకూరల్లో, మన శనక్కాయల్లో ఉండే విటమిన్ ఇదే. మెథోట్రెక్సేట్ ఇంచుమించు దాని రూపంలోనే ఉండి, ఎంజైమును పట్టుకుని వదలదు. ఇటుకల పని నిలిచిపోతుంది. ఎముకల మూలుగలో, నోటిపొరలో కణాలు నిత్యం పుడుతుండాలి గనుక మొదటి దెబ్బ అక్కడే.

ఈ రెండు మాత్రల వెనుకా ఉన్నది మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి రోగంతో పోయారు. ఆ రోగానికి పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి తయారుచేసింది. దాన్ని అడ్డుకునే మందులూ అక్కడివే. 1948లో ఆయన కన్నుమూశారు.

కీళ్ల మందు వాడేవాళ్లు ఇంటికి పోగానే చీటీలో ‘వారానికి’ అని ఉందేమో చూసుకోండి. మా ఇంట్లో ఇప్పుడు సోమవారం మాత్ర ఆమే తీసుకుంటుంది. డబ్బా నా చేతికివ్వదు.