తుపానుకు నిలిచే ధాన్యం కొట్టు



మా నాన్నగారు గ్రాట్యుటీ సొమ్ముతో పెదపాడులో ధాన్యం కొట్టు వేయించారు. 1990 మే తుపానుకు రేకులు లేచిపోయాయి. దాళ్వా గింజలు తడిసి మొలకెత్తాయి. ఆయన రేకు మందం చూశారేగాని, బిగింపు చూడలేదు.

గాలి తలుపులోంచి దూరి కప్పును పైకి నెడుతుంది. పైన వీచే గాలి దాన్ని లాగుతుంది. అందుకే నేను రిటైరయ్యాక కట్టించిన కొట్టులో రేకు దూలానికి, దూలం స్తంభానికి, స్తంభం పునాదికి బోల్టులతో బిగించాం. చూరు పొట్టిగా, కప్పు నాలుగు వాలులుగా పెట్టాం. తలుపుకు లోపల అడ్డగడియ వేయించాం. కొల్లేరు దగ్గర కనుక అరుగు పాత వరద గుర్తుకన్నా ఎత్తు చేశాం.

అయినా తుపాను హెచ్చరిక వస్తే కొట్టుకు కాపలా ఉండకండి. ధాన్యం మళ్ళీ పండుతుంది. సెలవు.