గ్యాస్ నొప్పి కాదు: అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ గురించి మాట్లాడుకుందాం

ఫోన్ స్క్రీన్ పగిలితే మనలో చాలామంది వెళ్ళేది ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కే కదా. అక్కడ ఒక చిన్న షాపులో ఫోన్లు రిపేర్ చేసే అబ్బాయి గురించి ఈ రోజు చెప్తా. వయసు ఇరవై నాలుగు. పేరు చెప్పను.

శనివారం రాత్రి ఫ్రెండ్స్‌తో దావత్. బిర్యానీ, రెండు బీర్లు. తెల్లారుజామున నాలుగింటికి పై కడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని గోళీ వేసుకున్నాడు. తగ్గలేదు. ఇంకో గోళీ. మధ్యాహ్నం వీధి చివర క్లినిక్‌లో ఒక సూది. సాయంత్రం సోడా. వాంతులు ఆగట్లేదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లిలో నేను డ్యూటీ చేసే చోటికి ఆటోలో పది నిమిషాలు. ఆ అబ్బాయి వచ్చేసరికి సోమవారం రాత్రి ఎనిమిది అయింది. అంటే నలభై గంటలు ఇంట్లోనే ఓర్చుకున్నాడు.

వచ్చేసరికి నాలుక ఎండిపోయింది, నాడి నూట ముప్పై కొట్టుకుంటోంది. పొద్దుటినుంచి మూత్రం రాలేదు. మంచం మీద పడుకోలేక, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని ముందుకు వంగి కూర్చున్నాడు. వాళ్ళమ్మ నన్ను అడిగిన మొదటి మాట, "గ్యాసే కదా సార్?"

ఆ కూర్చునే తీరు గుర్తుపెట్టుకోండి. రొమ్ము ఎముక కింద మొదలై వీపులోకి దూసుకుపోయే నొప్పి, వంగి కూర్చుంటే కాస్త తగ్గి, వెల్లకిలా పడుకుంటే పెరిగే నొప్పి, దాంతోపాటు వాంతులు. వాంతి అయ్యాక కూడా హాయి అనిపించదు. ఇలా ఉంటే క్లోమాన్ని, అంటే ప్యాంక్రియాస్‌ని అనుమానించాలి. గుండెపోటు కూడా ఒక్కోసారి ఇలాగే వస్తుంది, అందుకే ముందు ఈసీజీ తీస్తాం. నుమాయిష్ టైంలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాక వచ్చే మంట వేరు. అది గోళీకి తగ్గుతుంది. ఇది గోళీకి తగ్గదు.

అసలు లోపల ఏం జరుగుతుంది? క్లోమం జీర్ణాశయం వెనకాల, వెన్నెముక ముందు అడ్డంగా ఉండే గ్రంథి. జానెడు పొడవు ఉండదు. మనం తిన్న కొవ్వును, మాంసాన్ని అరిగించే రసాలు అందులో తయారవుతాయి. అవి అక్కడ నిద్రలోనే ఉండాలి, పేగులోకి వెళ్ళాకే మేలుకోవాలి. ఏదో కారణంతో గ్రంథిలోనే మేలుకుంటే, బిర్యానీని అరిగించాల్సిన రసం క్లోమాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. చుట్టూ వాపు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది. అందుకే బీపీ పడిపోతుంది, కిడ్నీలు మూలుగుతాయి.

నూటికి ఎనభై మందికి వారం లోపల తగ్గిపోతుంది. మిగతా వాళ్ళలో కిడ్నీ, ఊపిరితిత్తుల్లాంటివి దెబ్బతింటాయి, లేదా గ్రంథిలో కొంత భాగం చచ్చిపోతుంది. మొదటి రోజు చూసి ఎవరు ఎటు వెళ్తారో కచ్చితంగా చెప్పలేం. నలభై గంటలు ఇంట్లో కూర్చోకూడదు అనేది అందుకే.

రక్తంలో లైపేజ్ పరీక్ష చేస్తాం. మామూలు పరిమితికి మూడు రెట్లు దాటి, నొప్పి కూడా ఇలాగే ఉంటే జబ్బు ఖాయం. ఇక్కడ మీకో మాట. రిపోర్ట్ ఫోటో తీసి ఫోన్‌లో వెతికి "లైపేజ్ రెండు వేలు ఉంది, అయిపోయింది" అని ఏడ్చేవాళ్ళని రోజూ చూస్తున్నా. ఆ నంబర్ జబ్బు ఉందో లేదో చెప్తుంది, ఎంత తీవ్రమో చెప్పదు. ఆరు వందలున్న మనిషి ఐసీయూలో ఉండొచ్చు, రెండు వేలున్న మనిషి నాలుగో రోజు ఇంటికెళ్ళొచ్చు. మొదటి రోజే సీటీ స్కాన్ తీయమని గొడవ పడేవాళ్ళూ ఉన్నారు. అనుమానం ఉంటే తప్ప అది తొందరే. ఎంత భాగం చెడిపోయిందో మూడు రోజులు దాటితేగానీ స్కాన్‌లో సరిగ్గా కనపడదు.

ఇంకోటి, "గ్లూకోజ్ ఎక్కించండి సార్, ఇంకో బాటిల్ పెట్టండి." సెలైన్ అవసరమే, ముఖ్యంగా మొదటి రోజు. కానీ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ విషయం మీద వాటర్‌ఫాల్ అని ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2022లో ఫలితాలొచ్చాయి. ధారాళంగా ఎక్కించిన వాళ్ళకే ఎక్కువ ఇబ్బంది కనపడి దాన్ని మధ్యలోనే ఆపేశారు. యాంటీబయాటిక్ కూడా అంతే, ఇన్ఫెక్షన్ లేకుండా ముందుజాగ్రత్తగా ఇస్తే లాభం లేదు. నొప్పికి మాత్రం గట్టి మందే ఇస్తాం, ఓర్చుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు.

తిండి సంగతి. పాతకాలంలో రోజుల తరబడి కడుపు మాడ్చేవాళ్ళు. ఇప్పుడు వాంతులు తగ్గి ఆకలేస్తే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఇడ్లీ, జావ, మజ్జిగన్నం పెట్టేస్తున్నాం. అస్సలు తినలేకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పోస్తాం. చూడ్డానికి వచ్చే బంధువులు దాచిపెట్టి తెచ్చే హలీమ్ మాత్రం వద్దు బాబూ.

పక్కన కూర్చునేవాళ్ళు మూత్రం ఎంత వస్తోందో రాసిపెట్టండి. ఆయాసం వచ్చినా, మాట తడబడినా అర్ధరాత్రైనా సరే నర్సుని పిలవండి. రెండు మూడు వారాలకి మళ్ళీ జ్వరం వస్తే వైరల్ అనుకుని ఇంట్లో ఉండొద్దు. చచ్చిన భాగంలో చీము పట్టి ఉండొచ్చు. ఇప్పుడు చాలామందికి పొట్ట కోయకుండా ఎండోస్కోపీతోనే దాన్ని బయటికి తీస్తున్నారు.

ఇక నా తప్పు చెప్తా. ఆ రాత్రి కేస్ షీట్‌లో కారణం దగ్గర "మందు" అని రాసేశా. కుర్రాడు, దావత్, బీరు, ఇంకేం కావాలి? వాళ్ళమ్మ అక్కడే వాడిని తిట్టడం మొదలుపెట్టింది. అర్ధగంటకి ల్యాబ్ నుంచి ఫోన్. "సార్, ఈ రక్తం పైన తేట పాలలా ఉంది." ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 2,300 ఉంది. నూటయాభై లోపల ఉండాలి. వెయ్యి దాటితే అదే క్లోమాన్ని దెబ్బ తీయగలదు. షుగర్ నాలుగు వందలు. ఆ అబ్బాయికి షుగర్ ఉందని ఎవరికీ తెలియదు. దావత్ నిప్పు రాజేసి ఉండొచ్చు, కానీ కట్టెలు ముందే పేర్చి ఉన్నాయి. ఏమీ తినకుండా ఉంటే ఈ కొవ్వు త్వరగా దిగిపోతుంది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మాకు ఆ నంబర్ దొరికేది కాదు. మందు మానేయమని చెప్పి పంపేసేవాణ్ణి, మూడు నెలలకి మళ్ళీ వచ్చేవాడు.

అందుకే మొదటి రోజే అడగండి, "సార్, కారణం ఏంటి? ట్రైగ్లిజరైడ్లు చూశారా? పిత్తాశయంలో రాళ్ళకి అల్ట్రాసౌండ్ తీశారా?" అలా అడిగితే ఏ డాక్టరూ ఏమీ అనుకోడు.

ఎందుకంటే ఎక్కువమందిలో కారణం రాళ్ళో మందో. పెద్ద రాయి కన్నా చిన్న రాళ్ళే ప్రమాదం, జారి క్లోమం గొట్టం నోటికి అడ్డం పడతాయి. జబ్బు తేలికగా ఉంటే అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీయించేసుకోవడం మేలు. నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. నెల తర్వాత రమ్మని పంపినవాళ్ళలో నూటికి పదిహేడు మందికి మళ్ళీ ఇబ్బందైంది, వెంటనే చేసినవాళ్ళలో ఐదుగురికే. మన దగ్గరేమో "ఆషాఢం పోనీయండి, చెల్లి పెళ్ళి కానీయండి" అంటారు. రాళ్ళు కరిగించే పసరు ఒకటి.

మందు వల్లే అయితే కొంచెం కూడా వద్దు, సిగరెట్ కూడా. ఒకాయన్ని "మందు మానేశారా?" అని అడిగితే, "అన్నీ మానేశా సార్, మీరు రాసిన గోళీలు కూడా" అన్నాడు. అప్పట్నించి నేను బాటిల్ అనే అడుగుతున్నా.

డబ్బు భయంతో ఆగిపోకండి. 108కి ఫోన్ చేయండి. ఆబిడ్స్‌కి దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది, అక్కడ గ్యాస్ట్రో విభాగం ఉంది. వేరే ఆసుపత్రికి వెళ్ళినా ముందు ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో అడగండి.

ఆ అబ్బాయి పదకొండు రోజులున్నాడు, అందులో నాలుగు ఐసీయూలో. ఇన్సులిన్ డ్రిప్‌తో ట్రైగ్లిజరైడ్లు ఐదు వందలకి దిగాయి. ఇది కొన్ని ఇళ్ళలో వంశంలోనే ఉంటుంది కాబట్టి చెల్లెలికీ పరీక్ష చేయించమన్నా. డిగ్రీ సెకండియర్ అమ్మాయి, ఏ నొప్పీ లేదు. ఆ అమ్మాయికి 1,100 వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ మాత్రలు వేసుకుంటున్నారు, నెలకోసారి కలిసే వస్తారు. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ ఆ రెండు బీర్లనే తిడుతోంది.