తప్పయినదన్న మాట

గనులకును విద్యుత్కేంద్రమునకును చేరువనున్న మా జ్యోతినగరములో దినము మూడు షిఫ్టులుగా సాగును. రిలీవరు అరగంట ఆలస్యముగా వచ్చిన పక్షమున, రాత్రియెల్ల మేల్కొన్నవాడు ఇల్లు చేరలేక నిలిచిపోవును. వచ్చినవాడు "ఏమనుకోకే అన్నా, ఆలస్యమయింది" అనును. రెండవవాడు "పరవాలేదులే" అని వెడలిపోవును. అట్లనినంతమాత్రమున వాని మనసు కుదుటపడినదా? నేడు మేము శ్రోతలతో ముచ్చటింపదలచినది ఈ సంగతియే.

మన భాషయే ఇందులో ఒక చిక్కు పెట్టినది. "ఆలస్యమయింది", "తప్పు జరిగింది" అను మాటలలో తప్పు చేసినవాడు కనబడడు. తప్పు వానవలె తనంత తాను కురిసినట్లుండును. ఇక క్షమాపణయను మాటయో, మన్నింపుమని యడుగుటనే చెప్పును గాని, చేసినది నేనేయని యొప్పుకొనుటను చెప్పదు. అమెరికాలోని ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన రాయ్ లెవికీయు, ఆయన సహచరులును 2016లో ప్రకటించిన పరిశోధనలో క్షమాపణను ఆరు భాగములుగా విడదీసి, దేనికెంత విలువ గలదో జనులను అడిగి చూచిరి. బాధ్యత నొప్పుకొనుట మొదట నిలిచెను. నష్టమును సరిదిద్దెదననుట దాని తరువాతిది. మన్నింపుమని వేడుట అన్నిటికంటె అడుగున పడెను. మనము దేనిని క్షమాపణయని పిలుచుచున్నామో, దానినే వారు చివరకు నెట్టిరన్నమాట! "తప్పు ఒప్పుకొనుట" యను మన పాత పలుకుబడియే మేలని మాకు తోచుచున్నది.

మాట మాత్రమే కాదు, పలికిన చోటును లెక్కకు వచ్చును. 1914లో కొమగాట మారు ఓడలోని భారతీయులను కెనడా త్రిప్పిపంపెను. 2008 ఆగస్టులో ప్రధానమంత్రి హార్పరు ఒక ఉద్యానవన సభలో అందులకు క్షమాపణ చెప్పగా, నిర్వాహకులు అచ్చటికచ్చటనే సభవారిచేత చేతులెత్తించి, పార్లమెంటులో చెప్పినగాని చెల్లదనిరి. 2016 మే 18న ట్రూడో అట్లే చెప్పెను.

మన తెలుగువారికి మరింత దగ్గరి కథ ఫిజీది. 1903 నుండి మద్రాసు రేవుమీదుగా అచ్చటి చెరకుతోటలకు పోయిన కూలీలలో మనవారును కలరు. 1987 మే 14న సైనిక తిరుగుబాటు జరిగిన పిదప భారతీయ సంతతివారు వేలకొలది ఆ దేశము విడిచిపోయిరి. తిరుగుబాటు నడిపిన సితివేని రబుకాయే ప్రధానమంత్రియై, 2023లో అదే మే 14న, చేసినది తామేయని బహిరంగముగా నొప్పుకొనెను. 36 ఏండ్లు! ఈలోపల కన్నుమూసినవారికి ఆ మాట ఎవరు చేరవేయుదురు?

ఎదురుచూపులోనే ఒక మోసము కలదు. 2011లో డి క్రీమర్ మొదలగువారు ప్రకటించిన ప్రయోగములలో, క్షమాపణ అందినట్లు ఊహించుకొన్నవారు దానికిచ్చిన విలువ, నిజముగా అందుకొన్నవారు ఇచ్చినదానికంటె హెచ్చుగా నుండెను. ఏండ్లు కాచిన మాట చేతికి వచ్చుసరికి తేలికయగును. అప్పుడు చుట్టునున్నవారు "వాడు తలవంచినాడు గదా, ఇంకేమి?" అందురు. తప్పు చేసినవాడు నిశ్చింతగా కూర్చుండును, జవాబు చెప్పవలసిన భారము బాధితునిపై పడును.

తొందరపడి చెప్పిన క్షమాపణకంటె, బాధితుడు తన గోడు వెళ్లబోసుకొన్న పిదప చెప్పినదే హెచ్చు తృప్తి నిచ్చునని 2005లో ఫ్రాంట్జ్, బెనిగ్సన్ అనువారు కనుగొనిరి. తన మాట ఎదుటివానికి అర్థమయినదని నమ్మకము కలుగుటయే అందులకు కారణము. ఆపాటి వ్యవధియైన నీయక, చేతులు కలుపుమని తొందరపెట్టు మధ్యవర్తులు మా కాలనీలలో ఇంకను కలరు.